బల్లకి అటువైపు

“తినే బల్ల మీద తుపాకీ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది గానీ మీ చెవికి ఎక్కిందా?”

ఆమె చేతులు తుడుచుకుంటూ కొట్లోంచి ఇంట్లోకి వచ్చేసరికే గొడవ ముదిరి ఉంది. తల్లి కంచాలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి అడుగుతోంది. తండ్రి భోజనాల బల్లని కిటికీ దగ్గరికి లాక్కుని, పాత తువ్వాలు పరిచి, దానిమీద తుపాకీని పసిబిడ్డలా పడుకోబెట్టి, తూటా వెనక మూసుకునే బోల్టుని ముందుకి తోసి పిడి కిందికి వంచుతున్నాడు. అది సగం దాకా వంగి మొరాయిస్తోంది.

“కొట్లో వెలుతురు చాలడం లేదే,” అన్నాడు.

“కొట్లో రెండు ట్యూబులైట్లున్నాయి. చాలనిది వెలుతురు కాదు.”

“మరేమిటో?”

“ఎందుకులెండి, నా నోటితో అనిపించడం.”

“‘కళ్ళు’ అనేసెయ్ అమ్మమ్మా, ఏం కాదు,” అంది ఆమె కూతురు, పుస్తకంలోంచి తలెత్తకుండానే. మూల కుర్చీలో కూర్చున్న తమ్ముడు నవ్వు దాచుకోవడానికి గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. తండ్రికి డెబ్భై రెండేళ్ళు. కళ్ళజోడు కొనిచ్చి ఏడాదయింది, ఆ పెట్టె ఇంకా కొత్తగానే ఉంది. ఇప్పుడాయన జేబులోంచి తీసింది కళ్ళజోడు కాదు, చిన్న నూరుడు రాయి.

“తుప్పు పట్టకుండా కొత్తగా నలుపు మందు ఎక్కించాం కదా, కాస్త బిగిసింది. బోల్టు చెవికి నాలుగు రాపిళ్ళు పెడితే సర్దుకుంటుంది.”

“ఎందుకు బిగిసిందో తెలియకుండా రాయి పెట్టకు నాన్నా.”

“నువ్వు పుట్టకముందు నుంచీ పెడుతున్నానమ్మా.”

“ఇప్పుడు పుట్టాను కదా. ఇలా ఇవ్వు,” అని ఆమె తువ్వాలుతో సహా తుపాకీని ఎత్తుకుంది. వెనకాల తల్లి బల్ల తుడుస్తున్న చప్పుడు, “అరిగేవి తుపాకులే అనుకుంటారు ఈయన,” అనే గొణుగుడు వినిపిస్తూనే ఉన్నాయి. మూడు మెట్లు దిగితే కొట్టు. తలుపు వేసేసింది.

తలుపు వేస్తే ఇంట్లో మాటలు వినపడవు, ఆఖరికి తనకి తనే వినపడుతుంది, అదీ ఈ గదితో చిక్కు. కిరసనాయిలు వాసన, నూనె వాసన, ఇనుపరజను నాలుక మీద కూడా తెలిసే ఆ పులుపు. మధ్యలో పొడవాటి పని బల్ల. దానికి ఇటువైపు రెండు ముక్కాలి పీటలు, అటువైపు ఒకటి. అటువైపుది నాన్నది. ఇటువైపువాటిలో ఒకటి తనది, రెండోదాని మీద గుడ్డపీలికల డబ్బా పెట్టి ఎన్నేళ్ళో అయింది, ఖాళీ పీట చూడలేక పెట్టింది, కానీ డబ్బా పెడితే మాత్రం పీట మారుతుందా, ఇప్పటికీ ఆమె మోచెయ్యి కుడివైపు జరగదు, అక్కడో మనిషి మోచెయ్యి ఉన్నట్టే ఒదిగి పనిచేస్తుంది. చలికాలంలో ఆ పీట కర్ర బిగిసి టక్కుమంటుంది. ఒక్కోసారి ఎండాకాలంలోనూ అంటుంది. తుపాకీని బల్లమీద పెట్టి, అలవాటుగా బోల్టు వెనక్కి లాగి, చిటికెనవేలు లోపల పెట్టి ఖాళీగా ఉందో లేదో తడిమి చూసింది. చూసిన తుపాకీనే మళ్ళీ చూడాలి. అది ఆయన మాట, ఒకప్పుడు ఆ పీట మీద కూర్చున్న తన భర్త మాట. మొండికేసిన తుపాకీని ముందు ఏమీ చెయ్యకూడదు, ఎవరేం చేశారో అడగాలి, డాక్టరు నిన్నేం తిన్నావని అడగడూ, అలాగన్నమాట, అనేవాడు. సరే, ఏం చేశాం? అడవి కాపలా ఆఫీసు వాళ్ళవి రెండు తుపాకులు, ఒకే ఏడు, ఒకే తయారీ, కవలపిల్లలు. తుప్పు దులిపాం, నలుపెక్కించాం, చెక్క పగిలినచోట సరిచేశాం, బోల్టులు విప్పి కడిగి బిగించాం. వారం కిందట పట్టుకెళ్ళారు. ఈ పొద్దున ఆయుధాల గది చూసే ఆయన ఒకదాన్ని తెచ్చి, “బోల్టు పడటం లేదమ్మా, మీ చేతికి వచ్చాక దీనికి మొండితనం పట్టుకుంది. రెండోది మాత్రం వెన్నలా ఉంది, నాలుగింటికి మావాళ్ళ గురి పరీక్ష, ప్రస్తుతానికి దానితోనే కానిచ్చేస్తాం,” అని నవ్వి వెళ్ళాడు.

ముందు మరలు. నాన్న ఈసారి కొత్త మరలు వేశాడు. ముందువైపు మర అరచుట్టు పొడవైనా కొన లోపలికి పొడుచుకొచ్చి బోల్టు చెవికి అడ్డం పడుతుంది, పైకి ఏమీ కనపడదు, అచ్చం ఇంట్లో మాటల్లాగే, పైన చెక్క నున్నగా ఉంటుంది. మర వదులు చేసింది. బోల్టు తోసి వంచింది. సగం దాకా వచ్చి ఆగింది. మర కాదు. తూటాల పెట్టె విప్పి పక్కన పెట్టింది. అదీ కాదు. టార్చి వేసి తూటా కూర్చునే గదిలోకి చూసింది. నలుపు మందు గార కట్టిందేమోననుకుంది గానీ గోడలు కడిగిన గిన్నెలా మెరుస్తున్నాయి. పైన మంచం జరుపుతున్న చప్పుడు, అమ్మ నడుం వాలుస్తోంది కాబోలు. బోల్టు బయటికి తీసి, తూటాని పట్టుకునే కొక్కెం, లోపలి సూది, స్ప్రింగు అన్నీ తీసేసి, గోడకున్న చెక్కపెట్టె తెరిచింది. వక్కపలుకులంత నున్నగా, తూటా గది కొలత చూసే రెండు ఉక్కు గేజీలు. వాటిని ఆయన ‘రానిచ్చేది’, ‘రానివ్వనిది’ అని పిలిచేవాడు. మొదటిది పెడితే బోల్టు మూసుకోవాలి. రెండోది పెడితే మూసుకోకూడదు. ఈ రెంటి మధ్య వెంట్రుకవాసి చోటులోనే తుపాకీ పట్టుకున్నవాడి ప్రాణం ఉంటుంది. మీ నాన్న రానిచ్చే రకం, మీ అమ్మ రానివ్వని రకం, మధ్యలో వెంట్రుకంత చోటులో నేను, అని ఒకసారి ఆయన నవ్వితే తను ఎంత నవ్విందని, చేతిలో ఉన్న చిన్న మర కిందపడి వారం దాకా దొరకలేదు.

రానిచ్చేది పెట్టింది. బోల్టు రానివ్వలేదు.

అంటే మురికి కాదు, మర కాదు, నలుపు కాదు. బోల్టే ఎక్కువైంది. వారం కిందటి దాకా సరిపోయిన బోల్టు ఇవాళ పొడుగెలా అవుతుంది, ఇనుమేమన్నా ఎదిగే పిల్లా? ఆమె బోల్టుని వెలుతురులోకి ఎత్తి, పిడి మొదట్లో నలుపు కింద మసకబారిన అంకెల మీద వేలితో కాస్త నూనె రాసింది. మూడు, ఒకటి, ఎనిమిది. తుపాకీ ఒంటి మీద చూసింది. అయిదు, ఆరు, రెండు. మళ్ళీ చూసింది. చూసిందాన్నే మళ్ళీ చూడాలి. అయిదు, ఆరు, రెండు. ఇది దీని బోల్టు కాదు. కవలలవి మారిపోయాయి. దీనికి దానిది వచ్చింది, పొడుగైంది, అందుకే బిగిసింది. మరి దానికి?

వెన్నలా ఉంది.

ఆ మాట అప్పుడు తగిలింది, పొద్దున్నుంచీ చెవిలోనే ఉండి. ఇంకే ఇంట్లోనైనా మంచి మాటే అది. బిగిసిన తుపాకీ అరిచే కుక్క, గోలచేసి తిరిగొస్తుంది, ఎవర్నీ చంపదు. వదులైన తుపాకీ నోరెత్తదు. నున్నగా మూసుకుంటుంది, మెచ్చుకోలు తెచ్చుకుంటుంది, తూటా వెనక చోటు మిగిలిపోతుంది, కాల్చినప్పుడు ఇత్తడి గొట్టం ఆ చోటులోకి సాగి చిరిగితే నిప్పు ముందుకి పోదు, వెనక్కి వస్తుంది. వెనక ఏముంటుంది? చెంప ఉంటుంది. కన్ను ఉంటుంది.

గడియారం రెండూ యాభై. ఆఫీసుకి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మెట్ల దగ్గరికి పరుగెత్తి తమ్ముణ్ణి కేకేసింది. “బండి తియ్యి. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోవద్దను. కాల్చొద్దను. చేతిలోంచి లాక్కుని అయినా తీసుకురా.” “ఏమైందక్కా?” “నువ్వెళ్ళు ముందు.” వాడామె మొహం చూసి ఇంకేం అడగకుండా చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండానే పోయాడు. వెళ్ళడానికి ఇరవై నిమిషాలు, రావడానికి ఇరవై. నాలుగింటికని అన్నాడు, కానీ నాలుగంటే నాలుగేనా, కుర్రకారు ముందే చేరి ఒకసారి చూద్దామనుకుంటే. మళ్ళీ ఫోన్. ఖాళీ గదిలో మోగుతున్న ఫోనుకి ఒక రకం గొంతు ఉంటుంది, తీసేవాళ్ళు లేరని దానికి తెలిసినట్టు. అయినా చేస్తూనే ఉంది. మధ్యమధ్యలో ఆపి పీట మీద కూర్చుంది, లేచింది, కూర్చుంది. పక్క పీట టక్కుమంది.

ఎలా మారాయి? తను కడిగింది. రెండూ ఒకే పళ్ళెంలో, కిరసనాయిలులో, ఎప్పుడూ చేసినట్టే. కంచాలు కడిగినట్టు కడుగుతావు నువ్వు, అని ఆయన వేళాకోళం చేసేవాడు. కడిగి, తుడిచి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఎడమ తుపాకీది ఎడమన, కుడి తుపాకీది కుడిన. ఇరవై రెండేళ్ళుగా అదే పద్ధతి, తను పెట్టిన పద్ధతే, ఒక్కసారీ తప్పలేదు. మా అమ్మాయి పెట్టిందంటే నంబరు చూడక్కర్లేదండీ, అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా ఆమెకి ఒంట్లో ఏదో వెలిగేది. మరి తప్పలేదు కదా, ఇదుగో గుడ్డ మీద ఆ రోజు నూనె మరకలు ఇంకా ఉన్నాయి, ఎడమనొకటి, కుడినొకటి. ఫోన్ మోగుతూనే ఉంది దాని మానాన అది. తుపాకులు రెండూ నాన్న పీట వెనక గోడకి ఆనించి ఉన్నాయి ఆ రోజు. బిగించడానికి నాన్న వచ్చి కూర్చున్నాడు. ఎక్కడ? ఎక్కడేమిటి, తన పీట మీదే.

ఆమె లేచింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ కూర్చోని నాన్న పీట మీద కూర్చుంది. అరిగి గుంటపడిన పీట, నాన్న ఒంటి ఆకారం. తలెత్తింది. కొట్టంతా తిరగబడి ఉంది. వెనక ఉండాల్సిన తలుపు ముందుంది. గుడ్డ మీద రెండు మరకలు ఉన్నచోటే ఉన్నాయి, కానీ తన ఎడమ మరక ఇప్పుడు కుడిచేతి కింద ఉంది. తుపాకులు ఆనించే గోడ వీపు వెనక ఉంది. వెనక్కి తిరిగి గోడ దగ్గరే అమర్చేవాడికి మళ్ళీ సరిపోతుంది, రెండు చేతులతో తుపాకుల్ని ఎత్తి ఇటు తిరిగి బల్ల మీద పెట్టుకున్నవాడికి మారిపోతుంది. ఒకసారి అలా, ఒకసారి ఇలా. ఇన్నేళ్ళూ అన్నీ మారలేదంటే నాన్న రోజుకో రకంగా అందుకోవడం వల్లా, ఇలా ఒకేలాంటి జత ఎప్పుడో గానీ పనికి రాకపోవడం వల్లా, ఇంకా చెప్పాలంటే ఒకప్పుడు బిగించేది నాన్న కాకపోవడం వల్ల. బిగించేది తన భర్త. ఆయన తన పక్క పీట మీద కూర్చునేవాడు, బల్లకి ఒకే వైపు, ఇద్దరికీ ఒకటే ఎడమ, ఒకటే కుడి.

పదేళ్ళ కిందటి ఆ వారం తలుపు తట్టకుండా లోపలికి వచ్చి కూర్చుంది. అప్పుడూ ఇలాంటి జతే, ముందు తిరిగొచ్చింది బిగిసిందే. బోల్టు పడటం లేదని ఎవరో తెస్తే నాన్న ఆ కిటికీ దగ్గరే నూరుడు రాయితో నాలుగు రాపిళ్ళు పెట్టి ఇచ్చేశాడు, వాళ్ళు సంతోషించి వెళ్ళారు. మూడు రోజులకి రెండోది పేలింది. ముందుకి కాదు. కోళ్ళఫారం ఆయన, పెద్ద మీసాలు, నవ్వితే గది నిండేది, కుడికన్ను పోయింది. ఆయన బావమరుదులు ఇద్దరు వచ్చి ఈ బల్ల మీద చేత్తో కొట్టి అడిగారు, ఎవడు బిగించాడు? నాన్న చెయ్యెత్తి అల్లుణ్ణి చూపించాడు. కావాలని కాదు. బిగించేది అల్లుడే, రోజూ బిగించేది అల్లుడే, ఆ రోజు మాత్రం ఇంకెవరు బిగిస్తారు? నాన్నకది అబద్ధమని తెలియదు. ఇప్పటికీ తెలియదు. తన భర్త తల వంచుకుని నిలబడ్డాడు, గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా. అందరూ దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు. తనూ.

ఆ రాత్రి మంచం మీద, గోడవైపు తిరిగి పడుకున్న తనతో ఆయన చాలాసేపటికి ఒక్కటే మాటన్నాడు. “నేనెప్పుడూ నీ పక్కనే కదా కూర్చునేది.”

పదేళ్ళు ఆ మాటని ఆమె ఎన్నిసార్లు తీసి చూసుకుందో. బతిమాలుతున్నాడనుకుంది. ప్రేమ మాట చెప్పి తప్పు కప్పుకుంటున్నాడనుకుంది. ఒక మనిషి కన్ను పోతే ఇప్పుడు పక్కన కూర్చోవడం గురించి ఏమిటి, అంది గోడతో. ఆయన లేచి కూర్చున్నట్టు మంచం కదిలింది. తను తిరుగుతుందని చూశాడేమో. తిరగలేదు. అది ప్రేమ మాట కాదు. లెక్క తేలిన మాట. మొండికేసినదాన్ని ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చి, మర కాదు, మురికి కాదు అని పక్కన పెట్టుకుంటూ వచ్చి, ఆ చీకట్లో ఒక్కడే అక్కడిదాకా చేరి, ఆ చివరి ముక్క తన చేతిలో పెట్టాడు, ఆ ఒక్క మెలికా నువ్వే తిప్పుకో అని. అంతకన్నా ఎలా చెప్తాడు? తిన్నగా చెప్తే మామగారి పేరు చెప్పాలి. ఆయన వెనక, కడిగి పెట్టిన పెళ్ళాం పేరు చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

ఆ రోజు. ఏ రోజది? బిగించిన రోజు. వెతికింది. మధ్యాహ్నం, ఎండ, పిల్లకి తొమ్మిదేళ్ళు, దవడ పన్ను నొప్పి, ఏడుపు. తనకి చేతులనిండా కిరసనాయిలు. నేను తీసుకెళ్తాలే అన్నాడాయన. పన్ను తీయించుకుని బుగ్గలో దూది కుక్కుకున్న పిల్లని భుజాన వేసుకుని సాయంత్రం ఆ తలుపులోంచి వచ్చాడు. నాన్న అటువైపు పీట మీంచి లేస్తూ, ఆ రెండూ అయిపోయాయోయ్, తీసి గూట్లో పెట్టు, అన్నాడు. నాన్న అన్నాడు. ఆ గొంతు, ఆ ‘ఓయ్’, ఇప్పుడు గదిలో ఉన్నట్టే వినిపించింది. ఆయన పిల్లని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఒక్కొక్కటే ఎత్తి గూట్లో పెట్టాడు. ఆయన చెయ్యి వాటిమీద పడింది అంతే, అంతసేపే.

రెండు నెలలకి వెళ్ళిపోయాడు, ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఉండమనలేదు. ఇంకో ఊళ్ళో తాళాలు బాగుచేసే దుకాణం. నెలకోసారి వచ్చేవాడు, వచ్చినప్పుడు కొట్లోకి దిగేవాడు కాదు, పై మెట్టు మీద కూర్చుని లోపలికి చూసేవాడు. నాలుగో ఏడు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆస్పత్రిలో ఆఖరి మధ్యాహ్నం తను మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుంటే, చేత్తో సైగ చేశాడు, ఇటు, పక్కకి రమ్మని. వెళ్ళి కూర్చుంది. అంతే చేయగలిగింది. పిల్ల మాత్రం కాలేజీ కాగితాల్లో తండ్రి వృత్తి అన్నచోట తాళాలు అని రాస్తుంది. అంతకుముందేం చేసేవాడని ఎవరైనా అడిగితే లేచి వెళ్ళిపోతుంది.

బండి చప్పుడు. ఆమె నాన్న పీట మీదే ఉండిపోయింది. మూడూ ముప్పై ఐదు. తమ్ముడు సంచిలోని తుపాకీతో మెట్లు దిగి, రొప్పుతూ, “ఇంకా మొదలెట్టలేదక్కా. అందరూ తొలి గుండు నాదంటే నాదని చీట్లు వేసుకుంటున్నారు. ఏమిటి, నాన్న పీట మీద కూర్చున్నావు?” అన్నాడు. ఆమె అందుకుంది. ఖాళీగా ఉందో లేదో చూసింది. మళ్ళీ చూసింది. బోల్టు పిడి దగ్గర అయిదు, ఆరు, రెండు. లోపలివన్నీ విప్పి రానివ్వనిదాన్ని పెట్టింది. బోల్టు మూసుకోకూడదు. వేలితో అలా తోసిందో లేదో, చప్పుడన్నా లేకుండా, వెన్నలా మూసుకుంది. తమ్ముడికీ ఈ పని తెలుసు. వాడు వంగి తనూ ఒకసారి తోసి చూశాడు.

బోల్టులు మార్చింది. దీనిది దీనికి, దానిది దానికి. రానిచ్చేది రానిచ్చింది, రానివ్వనిది రానివ్వలేదు, రెండిట్లోనూ. తమ్ముడు పెద్దగా ఊపిరి వదిలాడు. “హమ్మయ్య. అయిపోయింది కదా. మరేదో సరిచేశామని చెప్పి ఇచ్చేద్దాం. ఇంట్లో కూడా ఎందుకులే, నాన్న తట్టుకోలేడు.” ఆమె వాడివైపు చూసింది. “మీ బావ తట్టుకున్నాడు,” అంది. వాడికి అర్థం కాలేదు. కానీ ఆమె మెట్లెక్కుతుంటే వెనకాలే వచ్చాడు.

భోజనాల బల్ల మళ్ళీ తన చోటికి వచ్చేసింది. తండ్రి కిటికీ దగ్గర ఖాళీ చేతులతో కూర్చున్నాడు. తల్లి లేచి వచ్చి జుట్టు ముడేసుకుంటోంది. కూతురు అదే కుర్చీలో, అదే పుస్తకంతో. ఆమె కూర్చోలేదు. ముందు తండ్రి దగ్గరికి వెళ్ళి, చేతిలో గుడ్డ పక్కన పెట్టి, బోల్టులు మారిపోయాయనీ, రెండోది ఇంకా ఎవరూ కాల్చలేదనీ, ఎలా మారాయో కూడా, ఎడమా కుడీ, బల్లకి ఇటూ అటూ, పదేళ్ళ కిందటి పన్ను తీయించిన మధ్యాహ్నంతో సహా, గొంతు పెంచకుండా చెప్పింది. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తండ్రి తన చేతులకేసి చూసుకున్నాడు. కుడిది ఎత్తి ఎడమపక్కకి, ఎడమది ఎత్తి కుడిపక్కకి గాల్లోనే జరిపాడు. తర్వాత రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అల్లుడు నాతో ఒక్క మాట అనలేదేమే,” అన్నాడు.

“నాతో అన్నాడు నాన్నా. నాకే వినపడలేదు.”

కూతురు పుస్తకం మూసేసింది. ఏ పేజీలో ఉందో గుర్తు కూడా పెట్టుకోలేదు.

“రేపు పొద్దున నేను కోళ్ళఫారం ఆయన ఇంటికి వెళ్తున్నాను,” అంది ఆమె అందరితో, రేపు కూరగాయలకి వెళ్తున్నానన్నంత మామూలుగా. “ఆ రోజు బోల్టులు కడిగి పెట్టింది నేను, బిగించింది నాన్న. మా ఆయన తుపాకీ ఎత్తి గూట్లో పెట్టాడు, అంతే. ఈ మాట ఆయన ముందు, ఆయన బావమరుదుల ముందు చెప్పి వస్తాను. నాతో ఎవరు వస్తారో మీ ఇష్టం. వెళ్ళొద్దని మాత్రం ఎవరూ అనొద్దు.”